కొల్లేటి నీటిపై

తాడేపల్లిగూడెములో మా చెల్లెలి యింట నాలుగు దినములుండి ఏలూరునకు బయలుదేరిన యుదయమున, మాతో రైలెక్కిన మా చెల్లెలి కుమార్తె సంచిలో బట్టలకంటె బొమ్మల కాగితములే యెక్కువగా నుండెను. ఆ పిల్ల వచ్చు మాసమున విశాఖపట్టణమునకు బోయి, ఋషికొండ తీరమున సముద్రములో మునిగి తిరుగు విద్య నేర్వబోవుచున్నది. దీనిని స్కూబా యందురు. కంటికి అద్దము, నోటికి గాలిగొట్టము, వీపున గాలి సిలిండరు, అన్నియు నేర్పువారే యిత్తురట. అయినను తేలింపు చొక్కా మాత్రము తన సొంతముగా నుండవలెనని యామె పట్టు. బి.సి.డి. యని దానికి వాడుక పేరు. కాగితములలోని బొమ్మలన్నియు దానివే.

తల్లికి ఈ విద్య యనిన గుండెలదరును. ఆమె భయమును తప్పుపట్టజాలము. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిలో కచ్చులూరువద్ద యాత్రికుల పడవ మునిగి యెందరో ప్రాణములు గోల్పోయిన వార్తను ఈ జిల్లాల స్త్రీలు మరువలేదు. తుదకు మా చెల్లెలు, "అక్కయ్యా, నీవు చూచి సరే యన్న చొక్కాయే కొనవలెను, లేకున్న వెళ్లరాదు" అని భారమంతయు మాపై వేసినది. చెరువుమెట్టు పట్టుకొని కాళ్లాడించుటయే యీత యనుకొన్న మేము తీర్పరులమైతిమి!

పుల్ల, భీమడోలు, దెందులూరు దాటుచుండగా ఎడమవైపు కిటికీలోనుండి చేపల చెరువులును వరిచేలును పారిపోవుచుండెను. ఏలూరున దిగితిమి. కృష్ణ నీరును గోదావరి నీరును కాలువలగుండ వచ్చి కలియు ఊరిది. ఒకప్పుడు ఈ కాలువలలో సరుకు పడవలు నడిచెడివి. నేడు వంతెనపై నిలిచి చూచిన నీరే గాని పడవ కానరాదు. తివాచీలు చూతమని మేమంటిమి, పిల్ల వినలేదు. భోజనమైన వెంటనే కైకలూరు త్రోవ పట్టితిమి.

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు నేరులన్నియు దీనిలోనే పడును. వచ్చిన నీరు సముద్రమునకు బోవుటకు ఉప్పుటేరొక్కటే దారి. పెదయెడ్లగాడి వంతెనవద్ద నిలిచినచో ఆ సంగతి కంటితో గ్రహింపవచ్చును. 1999లో దీనిని పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. అయిదవ కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు దానిలో చేరినవి. 2002లో రాంసార్ పట్టికలోనికెక్కినది. 2006లో చేపల చెరువుల గట్లను ప్రభుత్వము కొట్టించినది. ఆ గట్లవలన బ్రతికినవారి గోడును, గట్లవలన నీరు నిలిచి పంట మునిగినవారి గోడును ఈనాటికిని వినవచ్చును. ఆ తగవు తీర్చుట ఒక దినపు యాత్రికులకు తగని పని.

ఆటపాక చేరునప్పటికి ఎండ చల్లబడెను. చెట్లనిండ గూడకొంగలు. ఇంత బరువైన పక్షి నీటిపై బెండువలె నెట్లు తేలునని పిల్ల యడిగెను. వాని చర్మము క్రింద చిన్న చిన్న గాలిసంచులుండునట. ప్రక్కనే ఒక చిన్న నీటిపిట్ట, మనవైపు చూచుచునే, రాయివలె నెమ్మదిగా మెడవరకు దిగి మాయమయ్యెను. ఈకలను దేహమునకు నొక్కుకొని, వాని నడుమ గాలిని వెడలగొట్టి, అది తన తేలికను తానే తగ్గించుకొనును. నీటికాకి సంగతి వేరు. దాని ఈకలు తడిసిపోవును గనుక సులువుగా మునుగును, పిమ్మట కొయ్యపైనెక్కి రెక్కలారబెట్టుకొనవలెను. తీరమున నల్లుకొన్న గుర్రపుడెక్క కాడను త్రుంచి చూచితిమి. ఉబ్బిన కాడనిండ గాలి గదులే.

చేప వండుకొను ఇండ్లవారికి ఇంతకంటె మంచి సాక్ష్యము కత్తిపీటవద్దనే యున్నది. బొచ్చెను గాని శీలావతిని గాని కోయునపుడు వెన్నెముక క్రింద తెల్లని తిత్తి యొకటి కనబడును. పిల్లలు కాలితో త్రొక్కి టప్పుమనిపింతురు. దానిలోని గాలిని హెచ్చించియు తగ్గించియు చేప తాను కోరిన లోతున కదలక నిలుచును. మా పిల్ల చూపిన తేలింపు చొక్కా సరిగా ఆ తిత్తియే! సిలిండరునుండి సన్నని గొట్టము దానికి వచ్చును. ఒక మీట నొక్కిన గాలి చేరును, వేరొక మీట నొక్కిన గాలి పోవును.

తాటిదోనెలు రెండు జతగట్టి నడుపుచున్న నడివయసు పడవవాడు మా మాటలు వినుచు నవ్వెను. "ఇక్కడ లోతెక్కడుందండీ అమ్మగారూ! నిలబడితే నడుములోతు. కాకపోతే అడుగున బురదండి, కాలు పట్టుకుందంటే వదలదు. ఆయ్" అనెను. చిన్నతనమున ఎండు ఆనపబుర్రలు రెండు నడుమునకు గట్టుకొని యీత నేర్చితినని అతడు చెప్పెను. మా యూరిలో అరటిబోదె వాడెడివారము. వలలకు జీలుగు బెండు కట్టుట మేమెరుగుదుము. ఇవన్నియు తేల్చునవే, మునుగనిచ్చునవి కావు.

అచ్చటికి ముందొక రేవున మాకొక చేదు జరిగినది. పడవ యెక్కువారికిచ్చు లైఫ్ జాకెట్లన్నియు ఒకే కొలతవి, పెద్దవి. పిల్లకు తొడిగి, బిగించి, భుజములవద్ద పట్టి పైకెత్తితిమి. చొక్కా చెవులదాక వచ్చెను! నీటిలో బడినచో చొక్కా తేలును, పిల్ల క్రిందనుండును. "తాళ్లు గట్టిగా కట్టేస్తే సరిపోద్దండి" యని యచ్చటివాడు తొందరపెట్టెను. మేము కదలలేదు. వెనుక వరుసలోనివారు విసుగుకొన్నను కుప్ప యంతయు తిరగవేసి చిన్నది దొరికిన పిమ్మటనే పడవ యెక్కితిమి. సోదరీమణులారా, మీ పిల్లలకు తొడిగినప్పుడు ఇట్లు భుజముల పట్టి యెత్తి చూడుడు. రెండు నిమిషముల పని.

లైఫ్ జాకెట్టు వేరు, స్కూబావారి తేలింపు చొక్కా వేరు. మొదటిది స్పృహ తప్పినవారి ముఖమును సైతము నీటిపైన నుంచుటకు యత్నించును. రెండవదానికి ఆ పూచీ లేదు. పైగా అది తెలియనివారికి అపాయకరము. నీటిలో పది మీటర్లు దిగునప్పటికి ఒత్తిడి రెండింతలగును, చొక్కాలోని గాలి సగమునకు కుంచించుకొనును. పైకి వచ్చునపుడు అదే గాలి మరల రెండింతలై, వదలనిచో మనిషిని బంతివలె పైకి విసరును. ఊపిరి బిగబట్టిన రొమ్ములోని గాలికిని అదే గతి. అందుచేతనే ఊపిరి బిగబట్టరాదని మొదటి పాఠమట. ఈ మాట విని మేము కొంతసేపు మాటాడలేదు. తల్లితో ఇది చెప్పవలెనా వలదా యని ఆలోచించి, చెప్పుటకే నిశ్చయించితిమి.

ఇక బొమ్మలు. చొక్కావలె నడుమును చుట్టి గాలి నిండునది యొకటి. కొత్తవారికి చాలచోట్ల దీనినే యిత్తురు. నీటిపైన నిటారుగా నిలుపును, కాని నిండ ఊదినపుడు ప్రక్కటెముకల బిగించును. వీపున మాత్రమే గాలితిత్తి గలది రెండవది. లోపల చేపవలె అడ్డముగా నుండుటకు సుఖము, పైకి వచ్చిన పిమ్మట ముఖమును ముందునకు త్రోయును గనుక వెనుకకు వాలుట నేర్వవలెను. లోహపు పలకకు రెక్కవంటి తిత్తి బిగించునది మూడవది. దానిని గూర్చి మాకు తొందరలేదు. ఎక్కువ గాలి పట్టునదే మేలని పిల్ల యనుకొన్నది. అది పొరబాటు. బరువంతటితో మనిషిని నీటిపైన నిలుపగలిగిన చాలును. పెద్ద తిత్తిలో గాలి యిటునటు దొర్లి తిప్పలు పెట్టును. నిండు సిలిండరులోని గాలియే రెండు కిలోలకు పైగా తూగునట! వంటగ్యాసు సిలిండరు నెత్తిన మనకిది వింతగాదు. మునక చివర ఆ బరువు పోయి మనిషి తేలికపడును గనుక ముందే లెక్కించి సీసపు బరువులు కట్టుకొనవలెను. ఉప్పునీరు మంచినీటికంటె నూటికి రెండున్నర పాళ్లు బరువు. కొల్లేటిలో సరిపోయిన లెక్క ఋషికొండవద్ద చాలదు.

స్త్రీల కొలతకు కుట్టినవి యున్నవి. భుజపు పట్టెలు రొమ్మును నొక్కక వంపుగా దిగును, నడుము పొట్టిగా నుండును. మేమడిగిన ప్రశ్నలు కొన్నియే. తడి దుస్తుపైన తొడిగి నిండ ఊదినపుడు లోతుగా ఊపిరి తీయవచ్చునా? చూడకయే ఎడమచేతితో గాలి వదలు మీట దొరకునా? బరువుల సంచి ఒక్క లాగున ఊడునా? నోటితో ఊదు దారి యున్నదా? బొమ్మలలో వీనికి జవాబులు లేవు. కనుక కొనుట ఇప్పుడు వలదని తీర్పు చెప్పితిమి. అచ్చటివారి చొక్కాలు నాలుగైదు తొడిగి మునిగి, ఏది వంటికి కుదిరినదో తెలిసిన పిమ్మట కొనవచ్చును. పిల్ల ముఖము చిన్నబోయెను. "రంగు కూడా ఎంచుకున్నాను పెద్దమ్మా" అని నెమ్మదిగా ననెను.

రాత్రి బండిలో గూడెము చేరి, ఒత్తిడి సంగతి దాచక మా చెల్లెలితో చెప్పితిమి. ఆమె చాలసేపటికి, "అయితే నేర్పువాడు పక్కనే ఉంటాడుగా?" అని యడిగి లోనికి బోయి అన్నము వడ్డించెను.

నెల దాటిన పిమ్మట ఋషికొండనుండి ఫోను వచ్చినది. పిల్ల మొదటి చొక్కాలో మునుగలేక, రెండవదానిలో పైకి తేలిపోయి, మూడవదానిలో అడుగుకు చేయి తగులక, పైకి తేలక, కొంతసేపు నిలిచినదట. దాని కొలత వ్రాసికొన్నదట. రంగు నలుపట.