ఝట్కానా, వణుకా?

మేం బి.ఏ. చదివినవాళ్లం. ఇంజన్ల గురించి మీకేం తెలుసని అడగొచ్చు. మాకు తెలిసినవి మాటలే. ఓ పూట అవే పనికొచ్చాయి.

వార్త కోసం ఓ విమాన శిక్షణ సంస్థ హ్యాంగర్‌లో కూచున్నాం. గాల్లో ఇంజన్ ఉన్నట్టుండి అదిరిందని ఓ తెలుగు కుర్రాడు సెస్నా 152ను దించాడు. ‘వైబ్రేషన్’ అని ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసిచ్చాడు. మెకానిక్ ఉస్తాద్ ఆ కాగితం పక్కన పెట్టి, “ఝట్కే మార్రా క్యా, థర్‌థర్ కాంప్రా?” అన్నాడు. కుర్రాడు తెల్లమొహం వేశాడు. మేం కలగజేసుకున్నాం: “ఆగాగి కుదిపిందా బాబూ, ఆగకుండా వణికిందా?”

మా తెలుగు తెలుగే కాదని ఇక్కడివాళ్లు, మా ఉర్దూ ఉర్దూయే కాదని లక్నోవాళ్లు అనడం మాకు అలవాటే. అక్కడ మాత్రం రెండూ కావలసొచ్చాయి.

ఆగకుండా వణికితే ముందు ప్రొపెల్లర్‌నే అనుమానించాలట. రాయి తగిలిన చిన్న గాటు పగులుగా మారి రెక్క కొస ఊడితే, ఆ అదురుకి ఇంజనే బిగింపుల్లోంచి ఊడిరావచ్చు. వెంటనే పవర్ తగ్గించి దిగే చోటు వెతుక్కోవాలి. ఆగాగి కుదిపితే ఏదో సిలిండర్ సరిగా మండడం లేదన్నమాట. ప్లగ్గుకి సీసం పట్టొచ్చు, వాల్వు బిగుసుకోవచ్చు, కార్బురేటర్‌లో మంచు పేరుకోవచ్చు. హైదరాబాద్‌లో మంచేమిటని మేమూ నవ్వాం. గాలిలో తేమ ఉంటే బయట 20 డిగ్రీలున్నా పేరుకుంటుందట.

“కుదిపిందండీ. కార్బురేటర్ హీట్ పెట్టినా తగ్గలేదు. ఎడమ మాగ్నెటో ఒక్కదాని మీద పెడితే సాఫీగా నడిచింది” అన్నాడు కుర్రాడు. మేం ఉర్దూలో చెప్పాం. ఉస్తాద్ మొహం తేటపడింది. ఆ ఇంజన్‌కి నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి రెండు ప్లగ్గులు, రెండు మాగ్నెటోలు. వాల్వో, మంచో అయితే ఏ మాగ్నెటో మీదైనా కుదపాలి. కాబట్టి తప్పు కుడి మాగ్నెటో వైపుంది.

అయినా ఇంజన్ మళ్లీ తిప్పేముందు తాళం తీసి, ప్రొపెల్లర్ అంచులు గాట్ల కోసం చూశాడు. రెక్కని చేత్తో తిప్పనివ్వలేదు. మాగ్నెటో వైరు వదులైతే తాళం తీసినా ఇంజన్ అందుకుంటుంది, చెయ్యి పోతుంది. తర్వాత కుడి మాగ్నెటో మీదే కాసేపు నడిపి ఆపి, నాలుగు ఎగ్జాస్ట్ గొట్టాల మీదా నీటిచుక్కలు వేశాడు. మూడు చుయ్యిమన్నాయి. నాలుగోదాని మీద నీళ్లు ఊరికే జారిపోయాయి.

ఆ సిలిండర్ ప్లగ్గు విప్పితే మొనల మధ్య ఆవగింజంత సీసం పూస. దాన్ని కుర్రాడి అరచేతిలో పెట్టి ఉస్తాద్, “అబ్ లిఖో బేటా” అన్నాడు. ఏ మాగ్నెటో, ఏ సిలిండర్, ఎన్ని చుట్ల దగ్గర కుదిపిందీ అన్నీ రాయించాడు.