చేపలతొట్టిలో మన్నేమిటంటావా!

అవును వదినా, ఆ చేపలతొట్టి అడుగున ఉన్నది మన్నే. నువ్వలా ముక్కున వేలేసుకోకు. చెరువులో చేపలు రంగురాళ్ళ మీద బతుకుతున్నాయా ఏమిటి?

రాళ్ళు చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ, మొక్కకు వాటిలో తినడానికేముంది? అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్ లాంటివి వేళ్ళతోనే ఎక్కువ తింటాయి. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ అనే ఆవిడ నీటిమొక్కల తొట్ల మీద 1999లో ఏకంగా పుస్తకమే రాసింది. మన్నూ, మొక్కలూ, తగినంత వెలుతురూ ఉంటే విడిగా కార్బన్ డయాక్సైడు సిలిండరు అక్కర్లేదంటుంది. మన్నులోని ఆకూ అలమూ కుళ్ళుతుంటే కార్బన్ డయాక్సైడు వస్తుంది కదా, మొక్కకు కావలసింది అదే. చేపల మలమూత్రాల్లోంచి పుట్టే అమ్మోనియా కూడా దానికి తిండే.

నీళ్ళు బురదైపోవా అంటావా? మన్నును జల్లెడపట్టి, తడిపి, అంగుళం మందాన పరిచి, పైన ఇంకో అంగుళం కడిగిన ఇసుకో సన్న గులకో కప్పాలి. సముద్రపు ఇసుక మాత్రం తేకు, గవ్వముక్కలు కరిగి నీళ్ళ కాఠిన్యం పెరుగుతుంది. ఇసుక మీద పళ్ళెం పెట్టి, దాని మీద మెల్లగా నీళ్ళు పొయ్యి, మన్ను కదలదు. కుళాయి నీళ్ళైతే ముందు క్లోరిన్ పోగొట్టాలి సుమా.

ఏ మన్నైనా సరేనా అంటే కాదమ్మా. మరీ బంకమన్నైతే కాస్త కదిలినా నీళ్ళు మసకబారతాయి. పచ్చిపేడ కలిసిందీ, యూరియా చల్లిందీ అసలొద్దు, అమ్మోనియా పెరిగి చేపల ప్రాణాలు తీస్తుంది. ఎరువులు పడని గరపమన్ను మేలు. ఎర్రమన్ను కొంచెం కలిస్తే ఇనుము కూడా అందుతుంది.

మంచి మన్నైనా తడిసిన మొదటి వారాల్లో అమ్మోనియా వదులుతుంది. అందుకే తొట్టి నింపిన రోజే చేపలు వెయ్యకూడదు. దుకాణంలో టెస్ట్ కిట్ దొరుకుతుంది. అమ్మోనియా లేదని తేలేదాకా నీళ్ళు మారుస్తూ ఉండు. మొక్కలు మాత్రం మొదటి రోజే ఒత్తుగా నాటు. ఏవో నాలుగు కొమ్మలు గుచ్చి ఊరుకుంటే, ఆ బలమంతా నాచు తినేసి అద్దాలన్నీ పచ్చబడతాయి. త్వరగా పెరిగే హైడ్రిల్లా, వాలిస్నేరియా ఎక్కువ వెయ్యి. అవి నిలదొక్కుకున్నాక మిగతావి నీకు నచ్చినవి.

బుడగలు వస్తే భయపడకు. అడుగున గాలి ఆడనిచోట పుడతాయవి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే మాత్రం సన్నపుల్లతో అక్కడక్కడ మెల్లగా గుచ్చు. మొక్కలు బాగా వేళ్ళూనుకుంటే అవే ఆక్సిజన్ దింపి మన్నులో ఆ కంపు పుట్టనివ్వవు.

ఇంతా చెప్పి అసలు మాట దాచడమెందుకు? ఒకసారి నాటిన మొక్కను పీకి ఇంకోచోట పెడదామంటే కుదరదు. వేళ్ళతోపాటు మన్ను పైకొచ్చి తొట్టంతా బురదే. పెరిగితే కత్తెరతో కత్తిరించుకోవడమే. నెలకోసారి హాల్లో సోఫాలు జరిపే నీకు మన్నుతొట్టి ఎంతవరకు పడుతుందో, అది మీ ఆయన్నడిగి చెప్పు!