క్వార్టర్‌బ్యాక్‌ను ఎప్పుడు తీసుకోవాలి?

డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు బీర్పూర్‌కు ఫోన్ చేస్తే వానల సంగతీ, రోళ్లవాగులో నీళ్ళ సంగతీ అడుగుతాడు. ఆగస్టు నెలాఖరున మాత్రం, "మామా, క్వార్టర్‌బ్యాక్‌ను ఎన్నో రౌండుల తీసుకోవాలె?" అంటాడు.

వాళ్ళ ఆఫీసులో 12 మంది ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడతారు. అమెరికా ఫుట్‌బాల్ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకొని తలా ఒక ఊహాజట్టు కట్టుకుంటారు. ఆ ఆటగాళ్ళు మైదానంలో చేసినదాన్నిబట్టి వారంవారం పాయింట్లు. సోమవారం పొద్దున సహోద్యోగులు వాడితో మనసు విప్పి మాట్లాడే విషయం ఇదొక్కటే. అందుచేత నేను దీన్ని పిల్లలాటగా కొట్టిపారేయలేదు.

బంతి విసిరి ఆటను నడిపించేవాడు క్వార్టర్‌బ్యాక్. పాయింట్లూ సాధారణంగా అతనికే ఎక్కువ. అయినా ఆగమన్నాను. అసలు జట్లు 32. వీళ్ళ పన్నెండుగురికీ తలా ఒక్కడు చాలు. బంతి పట్టుకొని పరుగెత్తే రన్నింగ్‌బ్యాక్‌లు ఇద్దరేసి కావాలి, నమ్మదగినవాళ్ళు త్వరగా అయిపోతారు. తూచవలసింది మొదటివాడి గొప్పతనాన్ని కాదు. అతనికీ, చివర్లో మిగిలేవాడికీ ఉన్న తేడాను. (ఇద్దరేసి క్వార్టర్‌బ్యాక్‌లను ఆడించే లీగులూ ఉన్నాయి. అక్కడ 24 మంది కావాలి కనుక ఈ సలహా తలక్రిందులవుతుంది సుమా!)

నాకీ లెక్క బోధపడింది మన డెక్కన్ ఛార్జర్స్ వల్ల. వికెట్‌కీపరు కూడా జట్టుకొక్కడే. 2008 ఐపీఎల్ వేలంలో చెన్నై ధోనీకి 15 లక్షల డాలర్లు పెట్టింది. మనవాళ్ళకు గిల్‌క్రిస్ట్ 7 లక్షలకే వచ్చాడు. వేలంలో ఖర్చయ్యేది డబ్బు, మావాడి ఆటలో వంతు, అంతే భేదం. ఆ మిగులును మనవాళ్ళు సద్వినియోగం చేశారని మాత్రం అనలేను. సైమండ్స్‌కు 13.5 లక్షలు పోశారు. అతను ఉప్పల్‌లో రాజస్థాన్‌పై అజేయంగా 117 కొట్టినా ఆ మ్యాచ్ ఓడాం, ఆ ఏడు అట్టడుగున నిలిచాం. 2009లో గిల్‌క్రిస్ట్ నాయకుడయ్యాడు. ఫైనల్లో అతను సున్నాకే ఔటైనా కప్పు మనదే. ఆర్.పి.సింగ్ 23 వికెట్లు తీసిన ఏడాది అది.

ధోనీతో చెన్నై 2010, 2011లలో వరుసగా గెలిచింది కదా అని మావాడి వాదన. నిజమే. కాని ధోనీ చెన్నైకి ఏళ్ళ తరబడి ఆడాడు. వీడి జట్టు ఆయుష్షు నాలుగు నెలలు. ఎనిమిదో రౌండు దాకా ఆగమన్నాను. అప్పటికీ ఇద్దరు ముగ్గురు పనికొచ్చేవాళ్ళు మిగిలే ఉంటారు.