తాతయ్య పద్దులో డిలీట్ లేదు

సెకండియర్‌లో డీబీఎంఎస్ మినీ ప్రాజెక్ట్ ఇచ్చినప్పుడు మా క్లాసులో సగం మంది లైబ్రరీ మేనేజ్‌మెంట్ తీసుకున్నారు, మిగతా సగం మంది హాస్పిటల్ మేనేజ్‌మెంట్. నేను మా తాతయ్య కిరాణా కొట్టు తీసుకున్నాను. పెద్ద ఆశయమేమీ లేదు. దసరా సెలవులకి ఎలాగూ ఊరు వెళ్తాను, డేటా ఊరికే దొరుకుతుంది, అంతే.

మా అమ్మ వాళ్ళది రామచంద్రపురం దగ్గర ఒక పల్లెటూరు. కొట్టు అంటే ఇంటి ముందు గదే. తాతయ్యకి 74 ఏళ్ళు. నేను లాప్‌టాప్ తెరిచి కూర్చోగానే అటక మీద నుంచి ట్రంకు పెట్టె దింపించారు. దాన్నిండా పద్దు పుస్తకాలు. మొత్తం 14.

"నలభై ఏళ్ళ సరుకులు ఇందులోనే ఉన్నాయమ్మా. చూసి ఎక్కించుకో" అన్నారు.

చూశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎల్‌కేజీ నుంచి నాది ఇంగ్లీష్ మీడియం. తెలుగు నాకు పరీక్ష కోసం చదివిన సబ్జెక్ట్. అచ్చు అక్షరాలైతే కూడబలుక్కుని చదువుతాను గానీ, తాతయ్యది గొలుసుకట్టు రాత. ఒక అక్షరం ఎక్కడ ఆగిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియదు. "చదవడం రావట్లేదు తాతయ్యా" అని చెప్పడానికి చాలా సిగ్గేసింది. ఆయన ఏమీ అనలేదు. కళ్ళజోడు తుడుచుకుని చదవడం మొదలెట్టారు. నేను టైప్ చేస్తూ పోయాను.

పప్పులు, నూనెలు, సబ్బులు అయ్యాక, "గోల్డ్ స్పాట్, ఒక కేసు, 24 సీసాలు" అన్నారు.

"ఇప్పుడు స్టాక్ ఎంతుంది తాతయ్యా?"

ఆయన నవ్వేశారు. లోపలి నుంచి అమ్మ "నువ్వు పుట్టకముందే పోయిందే అది!" అని కేకేసింది. అమ్మకి చిన్నప్పుడు జ్వరం తగ్గితే తాతయ్య ఇచ్చే బహుమతి అదేనట. ఆరెంజ్ రంగు డ్రింకు. ఆ సీసా కోసం జ్వరం ఇంకోరోజు ఉన్నట్టు నటించేదట కూడా.

తర్వాత గూగుల్ చేసి చూశాను. 1977లో కోకకోలా మన దేశం వదిలి వెళ్ళిపోయింది. 1993లో తిరిగొచ్చి పార్లే వాళ్ళ థమ్సప్, లిమ్కా, మాజా, సిట్రా, గోల్డ్ స్పాట్ అన్నీ కొనేసింది. థమ్సప్ బతికింది. గోల్డ్ స్పాట్‌ని మాత్రం కొన్నాళ్ళకి ఫాంటా కోసం ఆపేశారు. అంటే ఎవరూ కొనక పోలేదు, అడిగేవాళ్ళుండగానే పోయింది.

"మీకెలా తెలిసింది తాతయ్యా, ఆపేశారని?"

"ఎవరు చెప్తారమ్మా? లోడు వచ్చింది, అందులో అది లేదు. అంతే. అడిగినవాళ్ళకల్లా వచ్చే లోడులో వస్తుందండీ అనేవాణ్ణి. రెండు వేసవులు అదే మాట చెప్పాను."

ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఒక వస్తువు ఆగిపోయిందని కంపెనీ కాకినాడ పక్క పల్లెటూళ్ళో ఎవరికీ ఉత్తరం రాయదు. ఆ సంగతి మొహం మీద చెప్పాల్సింది కొట్టువాడే. దానికి మనసొప్పక తాతయ్య రెండేళ్ళు అబద్ధమాడారు.

చిత్రం ఏమిటంటే, దేశమంతా తాగిన గోల్డ్ స్పాట్ పోయింది గానీ, 1919లో మా రామచంద్రపురంలో పుట్టిన ఆర్టోస్ ఇంకా ఉంది. ఇప్పటికీ మా వైపు పెళ్ళిళ్ళలో కనిపిస్తుంది. తాతయ్య దాని సీసా పట్టుకున్నప్పుడల్లా చుట్టం గురించి చెప్పినట్టే చెప్తారు.

ఇంకాస్త ముందుకెళ్ళాక అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ వచ్చింది. ఆ పద్దులో బరువు మూడుసార్లు కొట్టేసి మూడుసార్లు రాసి ఉంది, ప్రతిసారీ పక్కన తేదీ. ధర అయిదు రూపాయలే, కవర్ రంగు అదే, లోపల గ్రాములే తగ్గుతూ వచ్చాయి. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకి ఎంత పడుతుందో కూడా అచ్చు వేస్తున్నారు గానీ, ఆ చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? తాతయ్య మాత్రం చేత్తో పట్టుకుని చెప్పేస్తారు.

నేనేం చేశానంటే, ఆఖరి బరువు ఒక్కటే వేసి అప్‌డేట్ కొట్టాను. మా టేబుల్‌లో బరువుకి ఒకటే కాలమ్. కొత్తది వేస్తే పాతది పోతుంది. "మరి ముందువి?" అన్నారు తాతయ్య. "అవి అక్కర్లేదు తాతయ్యా, ఇప్పుడున్నదే కావాలి" అన్నాను. "అక్కర్లేకపోతే నేనెందుకు రాశానమ్మా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఆయన పద్దులో ఏదీ చెరిగిపోదు. గీత కొట్టినా కింద ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది. నేను నేర్చుకున్న పద్ధతిలో ప్యాకెట్ ఎప్పుడూ ఇంతే ఉన్నట్టు కనిపిస్తుంది.

అన్నీ కంపెనీలే మాయం చేస్తాయని అప్పటికి నిర్ణయించేసుకున్నాను. ఇంతలో ఒక పాత పుస్తకంలో "అక్కుళ్ళ బియ్యం" అని వచ్చింది. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. "ఇది ఏ కంపెనీ ఆపేసింది?" అన్నాను.

"కంపెనీ ఏంటమ్మా, మనమే ఆపేశాం" అన్నారు. 1982లో మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి స్వర్ణ వచ్చింది. దిగుబడి ఎక్కువ. తాతయ్య కూడా తన రెండెకరాల్లో అదే వేశారు. "నాలుగు బస్తాలు ఎక్కువొస్తుంటే ఎవడు కాదంటాడు? మీ అమ్మని చదివించింది స్వర్ణే." అమ్మమ్మకి మాత్రం ఇప్పటికీ అక్కుళ్ళ అన్నం మీదే బెంగ. ఇద్దరిదీ నిజమే.

ప్రాజెక్ట్ మళ్ళీ మొదటి నుంచి చేశాను. బరువు మారితే పాత వరుస అలాగే ఉంటుంది, తేదీతో కొత్త వరుస చేరుతుంది. డిలీట్ బటన్ తీసేశాను. వైవాలో సార్ "డిలీట్ ఏది?" అని అడిగారు. "మా తాతయ్య పద్దులో లేదు సార్" అన్నాను. మార్కులు మామూలుగానే వచ్చాయి.

సంక్రాంతి తర్వాత కొట్టు మూసేయాలని ఇంట్లో అనుకుంటున్నారు. తాతయ్యకి శుక్లాల ఆపరేషన్ ఉంది, పైగా ఊళ్ళో సగం మందికి సరుకులు ఫోన్‌లోనే వస్తున్నాయి. ఆయన సరేనన్నారు. నేను 3 పుస్తకాలే ఎక్కించాను, ఇంకా 11 ఉన్నాయి. అందుకే ఇప్పుడు గొలుసుకట్టు రాత నేర్చుకుంటున్నాను. ఫోన్‌లో పేజీలు ఫోటో తీసుకొచ్చి హాస్టల్లో రాత్రి ఒక్కో పేజీ చదువుతున్నాను. రాని మాటల్ని ఆదివారం ఫోన్ చేసి అడుగుతాను.

మొన్న ఒక పేరు దగ్గర తాతయ్య కూడా ఆగిపోయారు. రెండుసార్లు చదివి వినిపించాను. "రాసింది నేనే గానీ, ఏమిటో గుర్తు రావట్లేదమ్మా" అన్నారు. డజను సబ్బులా, బిస్కెట్లా, ఏమో తెలీదు. ఎవరో కొనుక్కున్నారు, ఎవరికో ఇష్టమయ్యే ఉంటుంది. ఆ పేరు ఎలా ఉందో అలాగే టైప్ చేశాను. ధర కూడా వేశాను, నాలుగు రూపాయలు.