మహేంద్రగిరి మీద శరత్తు

తెలుగు ఉపాధ్యాయుడైనవాడు ఋతువుల పాఠం చెప్పకుండా ఏ విద్యాసంవత్సరాన్నీ దాటలేడు. చైత్ర వైశాఖాలు వసంతమని మొదలుపెట్టి, ఆశ్వయుజ కార్తికాలు శరత్తు అనే చోటికి వచ్చేసరికి మన గొంతు కొంత మెత్తబడుతుంది. నిర్మలమైన ఆకాశం, తెల్లని మబ్బుతునకలు, పండువెన్నెల, ఏటి ఒడ్డున రెల్లుపూలు. ఈ నాలుగింటినీ నల్లబల్ల మీద వరుసగా వ్రాస్తాము. పిల్లలు వ్రాసుకుంటారు, పరీక్షలో తిరిగి అవే వ్రాస్తారు.

మా పర్లాకిమిడి ప్రాంతంలో ఈ పాఠానికొక చిక్కు ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడిననాడు అందులో చేరిన నేల ఇది. నేడు గజపతి జిల్లా. తూర్పున కొద్ది దూరంలోనే బంగాళాఖాతం. వేసవి అంతా వేడెక్కిన ఆ సముద్రం ఆశ్వయుజం నాటికి కూడా చల్లారదు. నైఋతి ఋతుపవనం వెనుదిరుగుతూ, ఈశాన్య గాలి ఇంకా కుదురుకోని ఆ సంధికాలంలోనే అల్పపీడనాలు వాయుగుండాలై, వాయుగుండాలు తుపానులై మా తీరానికి వస్తాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ వద్ద, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటాయి. పంచాంగం తీసి చూడండి, మూడూ ఆశ్వయుజంలోనే. తిత్లీ వచ్చినది శరన్నవరాత్రులు ఆరంభమైన మరునాడు. ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగాయి. మా జిల్లా కొండలలో చరియలు విరిగిపడి పలువురు ప్రాణాలు కోల్పోయారు.

తరువాతి సంవత్సరం తరగతిలో నేను శరత్తు పాఠం చెబుతుండగా, కొండ అంచు గ్రామం నుంచి వచ్చి బంధువుల ఇంట ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయి కలం కింద పెట్టి కూర్చున్నది. ఎందుకు వ్రాయడం లేదని అడిగితే, "శరత్తంటే మాకు అది కాదు మాష్టారూ" అన్నది. ఇంకేమీ చెప్పలేదు. తరగతి అంతా నిశ్శబ్దమయింది. పుస్తకంలోని శరత్తు అబద్ధం కాదు. అయితే ఆ అమ్మాయి చూసిన శరత్తూ అబద్ధం కాదు. ఈ రెండూ ఒకచోట కనబడే తావు మాకు దగ్గరలోనే ఉన్నది. అది మహేంద్రగిరి.

మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. తూర్పు కనుమలలోని ఎత్తైన శిఖరాలలో ఒకటి. పరశురాముడు తపస్సు చేసినచోటని ప్రసిద్ధి. కొండమీద ధర్మరాజు, భీముడు, కుంతి పేర్లతో పిలువబడే ప్రాచీన శిలాలయాలు ఉన్నాయి. దీనిని 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మహాశివరాత్రికి కొండ నిండా జనం ఉంటారు. శరత్తులో మాత్రం కాలినడకన వచ్చే కొద్దిమంది తప్ప ఎవరూ రారు. అటువంటివారు తలదాచుకొనే విడిదిలో, కొందరు పిల్లలతో, వారి తండ్రులతో కలిసి ఆ ఏడు ఆశ్వయుజంలో మూడు రాత్రులు, మళ్ళీ కార్తికంలో రెండు రాత్రులు ఉన్నాము.

విడిదిలో జీవితం అతి సామాన్యమైనది. రెండు గదులు, ఒక వంటపాక, నీళ్ళకు ఊట దాకా నడక. కాపలా ఉండే వృద్ధుడు సవర. భార్యతో సవరభాషలో, అధికారులతో ఒడియాలో, మాతో తెలుగులో మాట్లాడేవాడు. ఉదయం చోడి అంబలి, రాత్రి అన్నం, చింతపండు చారు. ఆశ్వయుజంలో అక్కడ ఉతికిన బట్ట ఆరదు, అగ్గిపెట్టె మెత్తబడిపోతుంది, ఉప్పు నీరు కారుతుంది. పొయ్యి పైన దండెం కట్టి కట్టెలు ఆరబెట్టుకోవడమే అక్కడి మొదటి పని. ఊరిలో చెమటలు పోస్తుండగా బయలుదేరిన పిల్లలు సాయంత్రానికి దుప్పట్లు కప్పుకున్నారు. వంద మీటర్లు పైకి పోయినకొద్దీ గాలి సగటున అర డిగ్రీకి పైగా చల్లబడుతుంది. మా ఊరికీ ఆ శిఖరానికీ నడుమ ఎనిమిది, తొమ్మిది డిగ్రీల తేడా ఉంటుందన్న లెక్కను మా పిల్లలు ముందు ఒంటితో తెలుసుకొని, తరువాత కాగితం మీద చేశారు.

రెండవనాడు ఉదయం తెల్లని తెర ఒకటి లోయలోంచి పైకి లేచి, కిటికీలోంచి గదిలోకి వచ్చింది. "కుహుడి వచ్చింది" అన్నాడొక పిల్లవాడు. అది ఒడియా మాట. ఇంకొకడు "మంచు" అన్నాడు. మూడవవాడు "మంచు కాదు, మబ్బు" అన్నాడు. మనము మబ్బులో ఉన్నామా, మంచులో ఉన్నామా అని వాదం బయలుదేరింది. నిజానికి రెండింటికీ పదార్థంలో తేడా లేదు. సముద్రపు తేమగాలి కొండకు తగిలి పైకెక్కుతూ చల్లబడి సన్నని నీటిబిందువులవుతుంది. కింద ఊరివాడు తలెత్తి చూస్తే అది మబ్బు. అందులో నిలబడినవాడికి అది పొగమంచు. చూసేవాడు నిలుచున్న చోటును బట్టి పేరు మారుతుందని ఆ పిల్లలకు నేను విడిగా బోధించవలసిన పని లేకపోయింది.

మన భాషలో మంచు అనే ఒక్క మాట గడ్డిమీది బిందువుకూ, దారి కప్పివేసే పొగమంచుకూ, హిమాలయం మీది హిమానికీ చెల్లుతుంది. వానకు మాత్రం మన మాటలు ఎన్నో! తుప్పర, జల్లు, చినుకు, ముసురు, జడివాన, గాలివాన. ఆ మూడు రోజులలో ఇవన్నీ వచ్చిపోయాయి. "ఇది జల్లా, తుప్పరా?" అని తండ్రులను పిల్లలు అడగడం, తండ్రులు తమ తల్లులు వాడిన మాటలను జ్ఞాపకం చేసుకొని చెప్పడం జరిగింది. చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుందనే సామెతను ఒక తండ్రి పలికాడు. అది చిత్త కార్తె. ఎదుటి శిఖరం మీద వాన కురుస్తుండగా మా వాకిట ఎండ కాస్తున్నది. సామెతకు ఇంతకన్న వ్యాఖ్యానం అక్కరలేదు.

ఆ సాయంకాలం ఆకాశం తేటపడింది. దూరపు కొండలు చేయి చాస్తే అందేటట్లు కనిపించాయి. పాఠంలోని నిర్మలాకాశం ఇదేనని పిల్లలు సంతోషించారు. వృద్ధుడు మాత్రం కట్టెలు లోపలికి చేరవేస్తూ, "ఎదర కొండ దగ్గరికొచ్చేసింది మాష్టారుబాబూ, రేత్రికి వానొస్తాది" అన్నాడు. అన్నట్లే అర్ధరాత్రి ఈదురుగాలితో వాన మొదలయింది. తలుపులు కొట్టుకున్నాయి. దీపం నిలవలేదు. అందరమూ ఒకే గదిలోకి చేరి కూర్చున్నాము.

అప్పుడు ఆ అమ్మాయి, ఎవరూ అడగకుండానే, తిత్లీ రాత్రిని గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఇంటి రేకులు ఎగిరిపోయాయట. తండ్రి తెల్లవార్లూ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడట. తెల్లవారి చూస్తే వాగు వారి పెరటిలో పారుతున్నదట. "ఝడొ" అన్నది, "కొండ ధసిపోయింది" అన్నది. ఒక పిల్లవాడు "విరిగిపడింది అనాలి" అని సవరించబోతే, నేను వారించాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. చీకటిలోంచి వృద్ధుడు మెల్లగా, "అవునమ్మా, కొండ జారిపోనాది" అన్నాడు. ఆమె ఆ మాటనే అందుకొని, "జారిపోయింది" అని కథ ముగించింది.

ఉపాధ్యాయ మిత్రులు ఈ చిన్న విషయాన్ని గమనించాలని నా విన్నపం. తెలుగు పిల్ల తన బ్రతుకులోని అతి భయంకరమైన రాత్రిని తెలుగులో చెప్పుకోవడానికి కావలసిన మాటను ఒక సవర వృద్ధుడు అందించాడు. తన మాతృభాష కాని భాషలో, ఏ పుస్తకమూ చదవకుండా, ఆ కొండను చూసి నేర్చుకున్న మాట అది. తిత్లీ అంటే సీతాకోకచిలుక అని, ఆ పేరును పాకిస్తాన్ సూచించిందని మా పిల్లలందరికీ తెలుసు. సామాన్యజ్ఞానం ప్రశ్నలలో వస్తుంది. కొండ జారిందని చెప్పవలసి వస్తే మాత్రం మాట దొరకలేదు.

మరునాడు ఒక పిల్లవాడు, "తాతా, మీ భాషకు బడి ఉందా?" అని అడిగాడు. ఆయన నవ్వి, "మా మనవడు ఒడియా బడికి పోతన్నాడు బాబూ" అన్నాడు. అప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి చెప్పాను. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరభాష నేర్చుకున్నారు. ఆ పిల్లలకు వారి భాషలోనే పాఠాలు వ్రాశారు, బడులు పెట్టించారు. ఆయన వ్రాసిన సవర వ్యాకరణ గ్రంథం 1931లో అచ్చయింది. తెలుగు వ్యావహారిక భాషోద్యమానికి పితామహుడిగా ఆయనను ఏటా ఆగస్టు 29న స్మరించుకుంటాము. పిల్లవాడికి తెలిసిన మాటతోనే చదువు మొదలుకావాలన్న పట్టుదల ఆయన సవర పాఠాలలోనూ, తెలుగు ఉద్యమంలోనూ ఒకటే. ఒడిశాలో 2006-07 ప్రాంతంలో గిరిజన భాషలలో ప్రాథమిక బోధన మొదలైనప్పుడు అందులో సవర కూడా ఉన్నది. మా తెలుగుకు బడి కావాలని అడిగే మనము, మనకన్న చిన్న గుంపు అడిగేదానిని వినకపోతే మన కోరికకు బలముండదు.

కార్తికంలో వెళ్ళినప్పుడు కొండ స్వభావమే మారిపోయింది. గాలి ఉత్తరం నుంచి పొడిగా వస్తున్నది. రాత్రులు మబ్బు లేక, నేల వేడి ఆకాశంలోకి పోయి, బరువెక్కిన చల్లని గాలి లోయలోకి జారి అక్కడే నిలిచిపోతుంది. ఉదయాన లేచి చూస్తే మంచు మా మీద లేదు, మా పాదాల కింద ఉన్నది. లోయలన్నీ పాలతో నిండినట్లుండగా, మేము మాత్రం ఎండలో నిలబడ్డాము. తూర్పున సముద్రం ఒక వెండిగీత. కొండలో పుట్టిన మహేంద్రతనయ ఒక పాయగా మా ఊరి మీదుగా వంశధార వైపు, ఇంకొక పాయగా సోంపేట మీదుగా బారువ వద్ద సముద్రానికి పోయే సంగతి అక్కడ నుంచి చెబితే పిల్లలకు ఇట్టే అర్థమయింది. దిగివస్తూ ఆ ఏటి ఇసుకలో రెల్లుపూలు చూశాము. ఒడియా పిల్లలు వాటిని కాశతండి అంటారు. పుస్తకంలోని నాలుగు లక్షణాలూ ఆనాడు మా ఎదుట ఉన్నాయి. ఆ అమ్మాయి తన పుస్తకంలో వాటిని వ్రాసుకున్నది. వాటి పైన గాలివాన, వాగు, కొండ జారడం కూడా వ్రాసింది.

తిరిగి వచ్చిన తరువాత తరగతి గోడకు ఒక ఋతుపట్టిక కట్టాము. ప్రతి ఉదయం ఒక విద్యార్థి ఆనాటి ఆకాశాన్ని ఒక తెలుగు మాటలో వ్రాయాలి. మాట తెలియకపోతే ఇంట్లో అడిగి తేవాలి. ఒడియా మాటే తెలిస్తే అదీ వ్రాసి, పక్కన తెలుగు మాట కోసం ఖాళీ ఉంచాలి. సంవత్సరాంతానికి నలభైకి పైగా మాటలు చేరాయి. వాటిలో చాలా భాగం వాచకంలో లేనివి, నాయనమ్మల నుంచి వచ్చినవి.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. చెన్నైలోని తెలుగు పిల్లలకు శరత్తు అంటే ఈశాన్య ఋతుపవనం, అంటే అసలైన వానకాలం. షోలాపూరు పిల్లలకు అది వానలు వెలిసి ఎండ మళ్ళీ మండే అక్టోబరు. యానాంలో 1996 నవంబరు 6 తుపానును చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఎవరి కిటికీలోంచి ఏ శరత్తు కనిపిస్తున్నదో వారు ముందు ఆ శరత్తును తెలుగులో చెప్పగలగాలి. కావ్యాలలోని శరత్తు దాని పక్కన నిలబడితే అప్పుడు దానికీ అందం వస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలతో తెలుగు మాట్లాడడానికి వేరే సమయం కేటాయించలేకపోతున్నామని చాలామంది అంటారు. ఉదయం తలుపు తీయగానే ఆకాశం కనిపిస్తుంది. అది ఎలా ఉన్నదో తెలుగులో చెప్పమని అడగండి. ఆ జవాబులో రెండు మాటలు ఇరుగుపొరుగు భాషవైతే తిట్టకండి. మీకు తెలిసిన తెలుగు మాటను వాటి పక్కన పెట్టండి. మీకూ తెలియకపోతే, ఊరిలో ఉన్న పెద్దమ్మకో, మేనత్తకో ఫోను చేసి అడగండి. అడిగించుకోవడం వారికీ సంతోషమే.