పసుపు ఊళ్లో కాలినడక

మా మేనల్లుడు వియత్నాం పోయి వచ్చాడు. పోతే నాకేం బాధ లేదు. హోయ్ ఆన్ అనే పాత రేవుపట్నంలో డబ్బులిచ్చి మరీ గైడు వెంట కాళ్లరిగేలా తిరిగాడట. ఫోన్‌లో ఫొటోలన్నీ ఓపిగ్గానే చూశాను. జపాన్ వంతెన బాగుంది. దాన్ని వాళ్లు 20 వేల డాంగ్‌ల నోటు మీద అచ్చేసుకున్నారు, వేసుకోనీ. 1999లో యునెస్కో ఆ ఊరిని వారసత్వ జాబితాలో చేర్చింది, సంతోషం. అంతటితో ఊరుకున్నాడా? "మామా, అక్కడ కోడన్నం ఫేమస్. అన్నంల పసుపేసి వండుతరు, ఎర్కేనా?" అన్నాడు. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌లో పుట్టినవాడు నాకు పసుపు గురించి చెప్తున్నాడు! పైగా "మన ఊళ్ల నడిచి చూసెటందుకు ఏమున్నది?" అని ఒక పోటు.

ఏమున్నదా? పొద్దున్నే సిద్ధులగుట్ట ఎక్కు. నవనాథ సిద్ధేశ్వరుడి దర్శనానికి బండల సందుల్లో ఒంగి దూరాలి; నాలాంటి పొట్టగలవాళ్లకు భక్తి కొంచెం కష్టమే. మీదినుంచి చూస్తే 44, 63 నంబరు హైవేలు కలిసే మన ఊరు. యునెస్కోకు ఈ తొవ్వ ఇంకా దొరకలేదు.

ఫిబ్రవరి, మార్చిలో అయితే గుట్ట దిగి ఏ పల్లె వైపు పోయినా పసుపు ఉడుకుతూ ఉంటుంది. తొమ్మిది నెలలు భూమిలో ఉన్నదాన్ని తవ్వి, కాడి (కొమ్ము) వేరు, గోళ (దుంప) వేరు చేసి, ఉడకబెట్టి, ఎండలో ఆరబోసి, డ్రమ్ములో తిప్పితే పొట్టు రాలి మెరుగొస్తుంది. ఆ ఆవిరి మట్టివాసన బట్టలకు పట్టిందంటే ఓ పట్టాన పోదు. హోయ్ ఆన్ వాళ్లు చిటికెడు వేసి ఊరూరా చెప్పుకుంటున్నారు. మనవాళ్లు బస్తాలు నింపి, ఇక్కడ రేటు రాకపోతే మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా మోసుకుపోయారు, నోరు మెదపకుండా.

మెదపకుండా అన్నానా? 2019 ఎన్నికల్లో మెదిపారు కదా! మంచి రేటు, పసుపు బోర్డు కావాలంటూ పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నిజామాబాద్ లోక్‌సభకు నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెడితే, ఓటరు తన గుర్తు వెతుక్కుంటూ వాటి పొడుగునా నడవాల్సి వచ్చింది. కాలినడక టూరంటే అదీ! టికెట్టు లేదు, గైడూ లేడు. 2023లో పసుపు బోర్డు ప్రకటించారు, 2025 సంక్రాంతికి నిజామాబాద్‌లో మొదలుపెట్టారు. బోర్డు వేరు, రేటు వేరు. మార్కెట్ యార్డులో తన కుప్ప ముందు నిలబడి బేరం వినే రైతునడగండి, చెప్తాడు.

ఇంత తిరిగాక ఆకలి కాదా? నిజామాబాద్ రోడ్డు పట్టి అంకాపూర్ పోవాలి. నాటుకోడి అక్కడ ప్లేటు లెక్క కాదు, కోడి లెక్క. ముందే చెప్పి, వండేదాకా ఆగాలి. ఆగడం కూడా భోజనంలో భాగమే. హోయ్ ఆన్‌లో కోడిని పీచులు పీచులుగా చీల్చి అన్నం మీద చల్లుతారట, పళ్లులేనివాళ్లకు బాగుంటుంది. మనదాంట్లో ఎముకతో కుస్తీ పడాలి, ముక్కు కారాలి, మంచినీళ్లకోసం చెయ్యి చాచి మళ్లీ పులుసు వైపే పోవాలి. హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చి బోన్‌లెస్ అడిగేవాళ్లున్నారు. నాటుకోడిలో బోన్‌లెస్! ఇంకొందరు గ్యాస్ మీద వండినా అదే రుచి అంటారు. కట్టెల పొయ్యిదో కాదో నేను మొదటి ముద్దకే చెప్తాను. నమ్మనివాళ్లు పందెం కాయొచ్చు, పందెం మాత్రం కోడే.