గీతలు మారినా... తిథి మారదు!

దసరా సాయంత్రం మద్దికెరలో ముందు దుమ్ము కనిపిస్తుంది. ఆ తర్వాతే గుర్రాలు! తలపాగాలు చుట్టి, రాచవేషాల్లో గుర్రాలెక్కిన వాళ్లు బొజ్జనాయునిపేట భోగేశ్వరుడి గుడి దగ్గర పూజలు చేసి ఊరివైపు దౌడు తీస్తారు. యాదవ రాజుల వంశీకులుగా చెప్పుకునే మూడు కుటుంబాల మధ్య పోటీ ఇది. గెలిచినవాళ్లకు దక్కేది డబ్బు కాదు, ఏడాదిపాటు ఊళ్లో చెప్పుకునే మాట.

పత్తికొండ ప్రాంతానికి వెళ్లాలంటే ఎప్పుడైనా వెళ్లొచ్చు. టమోటా గంపలతో నిండిన మార్కెట్టు చూడొచ్చు. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం వంగి వెతికే జనాన్నీ చూడొచ్చు. కానీ ఈ సీమ అసలు రూపం తెలియాలంటే పంచాంగం చూసుకుని బయల్దేరాలి.

ఎన్ని గీతలు గీశారో!

ఈ నేల మీద ప్రభుత్వాలు గీసినన్ని గీతలు మరోచోట తక్కువే. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి దత్తం చేశాడు. దత్తమండలాల మొదటి కలెక్టరు థామస్ మన్రో. తర్వాత మద్రాసు గవర్నరై, ఈ ప్రాంతం పర్యటనకు వచ్చి, 1827 జులై 6న పత్తికొండలోనే కలరాతో కన్నుమూశాడు. అప్పట్లో పత్తికొండ బళ్లారి జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలుకు మారింది. ఆదోని, ఆలూరు తాలూకాలు మాత్రం మరో శతాబ్దం దాకా బళ్లారిలోనే ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్లారి మైసూరుకు వెళ్లింది, ఈ రెండూ కర్నూలులో కలిశాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్లో కర్నూలు జిల్లా నుంచి నంద్యాల విడిపోయింది, పత్తికొండ రెవెన్యూ డివిజన్ అయింది.

ఇన్ని మారాయి కదా, మరి ఊళ్ల మధ్య పోటీలు? ఒక్క రోజు కూడా అటూ ఇటూ కాలేదు!

అక్కడ టెక్సాస్‌లో...

డల్లాస్‌లో పిల్లలున్న అమ్మానాన్నలకు ఇదెంత పెద్ద సంగతో తెలుస్తుంది. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే జాతరే. జట్లన్నీ ‘కాన్ఫరెన్స్’ అనే కూటములుగా ఉంటాయి. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో చాలావరకు కూటమే తేలుస్తుంది. టీవీ హక్కుల డబ్బు ఎక్కడ ఎక్కువగా వస్తే జట్లు అటు దూకుతాయి. టెక్సాస్ యూనివర్సిటీకీ, టెక్సాస్ ఎ అండ్ ఎమ్‌కూ 1894 నుంచి పోటీ. ఎన్నో ఏళ్లు థ్యాంక్స్‌గివింగ్ పండగ నాడే ఆడేవారు. ఇంటిల్లిపాదీ భోంచేసి ఆట చూడటం ఆనవాయితీ. 2012లో ఎ అండ్ ఎమ్ మరో కూటమికి వెళ్లిపోయింది. 2011 పండగ రాత్రి ఆడిందే చివరిదై, పదమూడేళ్లు ఆటే లేదు. టెక్సాస్ కూడా అదే కూటమిలో చేరాక 2024 నవంబరు 30న మళ్లీ తలపడ్డారు, అదీ పండగ గురువారం కాదు, శనివారం. పొరుగున ఓక్లహోమా రాష్ట్రంలో రెండు విశ్వవిద్యాలయాల మధ్య వందేళ్లకు పైగా సాగిన పోటీ కూడా అలాగే 2023 నవంబరు 4 ఆటతో ఆగిపోయింది.

మన దగ్గర తేదీ చెప్పేది టీవీ కాదు, తిథి.

అర్ధరాత్రి కర్రలు

మద్దికెరలో గుర్రాలు ఆగిన రాత్రే హొళగుంద మండలం దేవరగట్టులో కర్రలు లేస్తాయి. మాళ మల్లేశ్వర స్వామి కల్యాణం అయ్యాక, అర్ధరాత్రి దివిటీల వెలుగులో ఉత్సవమూర్తులు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒకవైపు. అరికెర, సుళువాయి, ఎల్లార్తి, విరుపాపురం లాంటి ఊళ్లవాళ్లు ఇంకోవైపు. మణి, మల్లాసురులనే రాక్షసులను స్వామి వధించిన కథ దీనికి మూలమంటారు. పేరేమో బన్ని ఉత్సవం. కన్నడంలో బన్ని అంటే జమ్మి! గీత ఎక్కడ గీసినా భాష మాత్రం ఇటూ అటూ తిరుగుతూనే ఉంది. కర్ణాటక భక్తులూ వస్తూనే ఉన్నారు.

ఇనుప కడియాలు తొడిగిన కర్రలు తగిలి ఏటా పదులకొద్దీ తలలు పగులుతున్నాయి. గాయానికి పసుపు అద్దుకుని మళ్లీ గుంపులోకి వెళ్లేవాళ్లున్నారు. 2023లో, 2025లో ప్రాణాలు కూడా పోయాయి. పోలీసులు ముందే ఊళ్లు తిరిగి నచ్చజెబుతారు, కర్రలు లాక్కుంటారు, నిషేధాజ్ఞలు పెడతారు. జిల్లాలనే మార్చగలిగిన సర్కారు ఈ ఒక్క రాత్రిని మార్చలేకపోతోంది.

ఎందుకు? వానలమీదే బతికే పల్లెలివి. పంట చేతికి రాకపోతే ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు, బెంగళూరు వైపు సుగ్గికి పోతారు. ఎవరెక్కడున్నా ‘ఫలానా రోజుకి ఊళ్లో ఉండాలి’ అనే గురుతు ఇదొక్కటే. ఆ రోజు జరిగితే ఊరు కలిసే గడియే జరిగిపోతుందని వాళ్ల భయం. అయితే కాపాడుకోవాల్సింది ఆ కలయికనే గానీ తల పగలడాన్ని కాదు.

పిడకలు, ఆపై పెళ్లి

దారి ఆ పక్కనే ఉంది. ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మర్నాడు ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. వీరభద్రస్వామి, కాళమ్మల ప్రేమ పంచాయితీ అది. అక్కడా దెబ్బలు తగులుతాయి, విభూతి రాసుకుంటారు. కానీ ఆట ముగిశాక ఇరువర్గాలూ రాజీపడి స్వామికీ అమ్మవారికీ పెళ్లి చేస్తాయి. పోరు తిథి ప్రకారమే వస్తుంది, వియ్యంతో ముగుస్తుంది. దేవరగట్టు కర్ర కూడా ఏదో ఒక దసరాకు ఉత్త కర్రగానే లేచి, ఉత్త కర్రగానే దిగితే ఎంత బాగుండు!

ఎలా వెళ్లాలి?

కర్నూలు నుంచి పత్తికొండకు, ఆదోనికి బస్సులున్నాయి. మద్దికెరకు గుంతకల్లు-డోన్ మార్గంలో రైల్వేస్టేషన్ ఉంది. దేవరగట్టుకు ఆదోని నుంచి గానీ ఆలూరు నుంచి గానీ వెళ్లొచ్చు. పిల్లలతో వెళ్లేవాళ్లు మద్దికెర పరుగు చూసి వెనుదిరగడమే మంచిది. కొండ దగ్గరికి మరో రోజు పగటిపూట వెళ్లండి. స్వామి అక్కడే ఉంటాడు!